కుర్చీ ప్రజలది, దర్వాజా సొంతమా?

గడీల కాలం పోయి డెబ్బై ఏండ్లు దాటింది. చెప్పులు చేతబట్టుకుని, తల వంచుకుని దొర ముందు నిలబడే రోజులు పోయాయి. దర్వాజా దగ్గర కాపలా మనిషి 'నువ్వు లోపలికి రా, నువ్వు బయటికి పో' అని మనుషుల్ని ఏరే రోజులు కూడా పోయాయనే అనుకున్నాం. పోలేదు. దర్వాజా మారింది, అంతే. ఇప్పుడది సెల్‌ఫోన్‌లో ఉంది. దానికి కాపలా మనిషి అక్కర్లేదు. నాయకుని బొటనవేలు చాలు.

ఎన్నికలప్పుడు నాయకుడు గల్లీగల్లీ తిరిగి దండం పెడతాడు. కరపత్రం మీద, ఫ్లెక్సీ మీద తన ఫొటో పక్కనే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ ఖాతాల పేర్లు అచ్చేయిస్తాడు. మీ కష్టమేదైనా ఇక్కడ చెప్పుకోండి, చూసుకుంటానంటాడు. గెలుస్తాడు. గెలిచినంక అదే ఖాతాలో శంకుస్థాపన ఫొటోలు, అధికారులతో సమీక్షలు, చెక్కుల పంపిణీలు పెడతాడు. ఆ ఫొటోల కింద ఓ డిగ్రీ పిల్లగాడు 'సారూ, పోయినేడు కొబ్బరికాయ కొట్టిన రోడ్డు ఎక్కడిదాకా వచ్చింది?' అని అడుగుతాడు. తెల్లారి చూస్తే అక్కడ అతని మాటకు తావుండదు. బ్లాక్! అతడు తిట్టలేదు, బెదిరించలేదు. అడిగాడు. అడుగుడే తప్పయింది.

ఇదేమని ప్రశ్నిస్తే వచ్చే జవాబు ఒక్కటే: 'అది నా పర్సనల్ అకౌంట్. నా ఇంటికి ఎవర్ని పిలవాలో, ఎవర్ని పిలవొద్దో నా ఇష్టం.' వినడానికి న్యాయంగానే ఉంది. నాయకుడైనంత మాత్రాన మనిషికి సొంత ఇల్లు, సొంత మాట ఉండొద్దా? ఉండాలి. మరి ఆ ఇంట్లోనే కచేరీ నడుపుతుంటే? శాఖ నిర్ణయాలు ఆ అరుగు మీదనే చదివి వినిపిస్తుంటే, జనం అర్జీలు ఆ అరుగు మీదనే తీసుకుంటుంటే? అప్పుడది ఇల్లా, ఆఫీసా? ఈ వారం మేం తేల్చదలచుకున్న ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న మీద అమెరికా కోర్టుల్లో ఏండ్ల తరబడి కొట్లాట నడిచింది. ఊరి స్కూలు బోర్డు సభ్యుల నుంచి దేశాధ్యక్షుడి దాకా బోనెక్కారు. అమెరికా సంగతి మనకెందుకని అనుకోవద్దు. ఆ ఖాతాలు నడిపే కంపెనీలే ఇక్కడా నడుపుతున్నాయి. ఆ బ్లాకు మీటే ఇక్కడి నాయకుల చేతిలోనూ ఉంది. అక్కడ మామూలు మనుషులు కోర్టుకెక్కి ఏం సాధించారో, ఎక్కడ ఆగిపోయారో తెలిస్తే మనం ఏం అడగాలో తెలుస్తుంది.

వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ అనే కౌంటీ ఉంది. మన జిల్లా పరిషత్తు లాంటి దాని పాలకమండలికి ఫిలిస్ రాండల్ అనే ఆమె చైర్‌పర్సన్‌గా ఎన్నికయ్యారు. పదవీ ప్రమాణానికి ముందురోజు తన హోదా పేరుతోనే ఫేస్‌బుక్ పేజీ తెరిచారు. కౌంటీ ప్రజలెవరైనా వచ్చి మాట్లాడవచ్చని ఆహ్వానించారు. 2016 ఫిబ్రవరిలో ఒక పౌరుడు స్కూలు బోర్డు సభ్యుల మీద, వాళ్ల బంధువుల మీద ఆరోపణ చేస్తూ ఆ పేజీలో రాశాడు. ఆమె ఆ పోస్టు మొత్తాన్నే తీసేసి, అతన్ని పేజీ నుంచి వెలివేశారు. దాదాపు పన్నెండు గంటల తర్వాత మళ్లీ రానిచ్చారు. పన్నెండు గంటలే కదా అని అతడు ఊరుకోలేదు. కోర్టుకెళ్లాడు. 2019 జనవరిలో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ పేజీని ఆమె పదవి పనిముట్టుగా వాడుతున్నారు కాబట్టి నచ్చని అభిప్రాయం చెప్పాడని వెలివేయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. హక్కు పన్నెండు గంటలు పోయినా పోయినట్టే!

అంతకంటే పెద్ద కేసు అధ్యక్షుడు ట్రంప్‌ది. ట్విట్టర్‌లో ఆయన ఖాతా 2009 నాటిది, అంటే పదవికి చాలా ముందుది. 2017 జనవరిలో గద్దెనెక్కినప్పుడు అధ్యక్ష పదవికంటూ వేరే అధికారిక ఖాతా చేతికొచ్చింది. కానీ ఆయన మాట్లాడింది ఎక్కువగా పాత సొంత ఖాతాలోనే. మంత్రులను తీసేసినా, విదేశాలను హెచ్చరించినా అందులోనే. ఆయన ట్వీట్లు అధ్యక్షుడి అధికారిక ప్రకటనలేనని 2017 జూన్‌లో వైట్‌హౌస్ ప్రతినిధే విలేకరులకు చెప్పారు. అదే ఖాతాలో విమర్శించినవాళ్లను బ్లాకు చేశారు. బ్లాకయిన ఏడుగురు, కొలంబియా విశ్వవిద్యాలయంలోని నైట్ ఫస్ట్ అమెండ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2017 జూలైలో కేసు వేశారు. 2018 మేలో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి నవోమీ రైస్ బుక్వాల్డ్, 2019 జూలైలో రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అది తప్పని తీర్పు చెప్పారు.

బుక్వాల్డ్ తీర్పులో మనం పట్టుకోవాల్సిన సూక్ష్మం ఒకటుంది. ఒకరి మాట వినడం ఇష్టం లేకపోతే అధ్యక్షుడు వాళ్లను మ్యూట్ చేసుకోవచ్చు. అప్పుడు వాళ్ల మాట ఆయనకు కనపడదు, మిగతా జనానికి మాత్రం కనపడుతుంది. వినకుండా ఉండే హక్కు ఆయనకుంది. కానీ బ్లాకు చేస్తే ఆ మనిషి ఆ చర్చలోనే లేకుండా పోతాడు. రచ్చకట్ట దగ్గర సర్పంచ్ చెవులు మూసుకుంటే అది ఆయన సంగతి. ప్రశ్న అడిగినవాణ్ణి రచ్చకట్ట దించేస్తే అది ఊరి సంగతి. వినకపోవడానికీ, మాట్లాడనియ్యకపోవడానికీ ఇంత తేడా ఉంది.

ఆ కేసు చివరికి ఏమైంది? 2021 జనవరి 8న ట్విట్టర్ కంపెనీయే ట్రంప్ ఖాతాను మూసేసింది. అదే నెలలో ఆయన పదవీ పోయింది. ఇక తేల్చాల్సింది లేదంటూ 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కింది తీర్పును రద్దు చేసి, కేసు కొట్టివేయించింది. అప్పుడు జస్టిస్ క్లారెన్స్ థామస్ విడిగా రాస్తూ, ఒక ప్రైవేటు కంపెనీ ఎప్పుడంటే అప్పుడు మూసేయగలిగే చోటును ప్రభుత్వ వేదిక అనడం విడ్డూరంగా ఉందన్నారు. ఆ మాటనూ తోసిపుచ్చలేం. నాయకుడు జనం నోరు మూస్తే, నాయకుని నోరు మూసే యజమాని ఇంకొకడున్నాడు. ఆ యజమానికి మనం ఓటేయలేదు.

ఇదంతా ఒక్క పార్టీ రోగమని అనుకుంటే పొరపాటు. ట్రంప్‌ను తిట్టిపోసే పక్షంలో పేరున్న యువ నాయకురాలు, న్యూయార్క్ నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ కూడా విమర్శకులను బ్లాకు చేశారు. న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ మాజీ సభ్యుడొకరు ఆమె మీద కేసు వేశారు. 2019 నవంబరులో ఆమె తాను చేసింది తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పి, ఆయనను అన్‌బ్లాక్ చేశారు. జెండా రంగు ఏదైనా కుర్చీ గుణం ఒక్కటే. కాకపోతే తప్పు ఒప్పుకున్న నాయకురాలిని మెచ్చుకోవాలి. ఆ అలవాటు మన దగ్గర ఎందరికుంది?

ఇక అసలు తీర్పు దగ్గరికొద్దాం. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో మన ఊళ్ల నుంచి వెళ్లిన ఇంజనీర్లు చాలామంది పనిచేస్తున్నారు. ఆ మిషిగన్ రాష్ట్రంలోనే పోర్ట్ హ్యూరాన్ అనే చిన్న పట్టణం ఉంది. జేమ్స్ ఫ్రీడ్ 2014లో దానికి సిటీ మేనేజర్ అయ్యారు. అది ఎన్నికతో వచ్చే పదవి కాదు, మన మున్సిపల్ కమిషనర్ లాంటి నియామక పదవి. ఆయనకు కాలేజీ రోజుల నాటి ఫేస్‌బుక్ ఖాతా ఉంది. స్నేహితుల సంఖ్య 5,000 పరిమితికి దగ్గరపడేసరికి దాన్ని అందరూ చూసే పేజీగా మార్చారు. అందులో బిడ్డ ఫొటోలు, కుక్క ఫొటోలు, ఇంటి మరమ్మతులు, బైబిల్ వాక్యాలు ఉండేవి. వాటి నడుమనే పట్టణం పనులు, పత్రికా ప్రకటనలు, జనం అభిప్రాయం కోరే పోస్టులూ ఉండేవి. పేజీ పరిచయంలో సిటీ వెబ్‌సైటు, సిటీ ఈమెయిలు, సిటీ హాలు చిరునామా ఇచ్చారు.

2020లో కోవిడ్ వచ్చింది. పట్టణం కోవిడ్‌ను ఎదుర్కొంటున్న తీరు బాగాలేదని ఆ ఊరి మనిషొకరు అక్కడ కామెంట్లు పెట్టాడు. జనం బాధపడుతుంటే పట్టణ పెద్దలు ఖరీదైన హోటల్ భోజనం తెచ్చుకుంటున్నారని ఒక ఫొటో కింద రాశాడు. ఫ్రీడ్ మొదట ఆ కామెంట్లు తీసేశారు. తర్వాత మనిషినే బ్లాకు చేశారు. అప్పటి నుంచి అతడు చదవగలడు, జవాబు రాయలేడు. అంటే కిటికీలోంచి తొంగిచూడొచ్చు, నోరు మాత్రం తెరవొద్దు! ఎక్స్‌లోనూ 2024 నవంబరు నుంచి ఇదే తంతు: బ్లాకయినవాళ్లకు బహిరంగ పోస్టులు కనపడతాయి, జవాబిచ్చే దారి ఉండదు.

అదే సమయంలో ఇలాంటి కేసే కాలిఫోర్నియాలోని పోవే స్కూల్ డిస్ట్రిక్టు నుంచి వచ్చింది. అక్కడ ఇద్దరు బోర్డు సభ్యులు 2014 ఎన్నికల ప్రచారానికి తెరిచిన పేజీలనే గెలిచాక బోర్డు సమాచారం చెప్పడానికి వాడుకున్నారు. ఆ బడుల్లో పిల్లలను చదివించే ఒక జంట జాతి వివక్ష గురించి, అధికారుల లెక్కల గురించి పదేపదే ప్రశ్నించింది. ఎంతగానంటే వేర్వేరు పోస్టుల కింద 42 సార్లు ఒకే కామెంటు, ట్విట్టర్‌లో ఒకే జవాబు 226 సార్లు పెట్టేంతగా. చివరికి 2017లో బ్లాకు చేశారు. ఫ్రీడ్ కేసులో అప్పీళ్ల కోర్టు అధికారి వైపు నిలిస్తే, ఈ కేసులో మరో అప్పీళ్ల కోర్టు తల్లిదండ్రుల వైపు నిలిచింది. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, రెండు న్యాయాలు. అందుకే సుప్రీంకోర్టు రెండింటినీ విచారణకు తీసుకుంది.

2024 మార్చి 15న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. రాసింది జస్టిస్ ఎమీ కోనీ బారెట్. సారాంశం సులువుగానే అర్థమవుతుంది. అధికారి సొంత ఖాతాలోని మాట ప్రభుత్వ మాటగా లెక్కకు రావాలంటే రెండు షరతులు. ఒకటి, ఆ విషయం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆయనకు నిజంగా ఉండాలి. రెండు, ఆ మాట అన్నప్పుడు ఆ అధికారంతోనే అంటున్నట్టు ఉండాలి. రెండూ ఉంటేనే బ్లాకు చేయడం ప్రభుత్వం చేసిన పనవుతుంది. ఆమె ఇచ్చిన ఉదాహరణ మన ఊరికీ సరిపోతుంది. స్కూలు బోర్డు అధ్యక్షుడు సమావేశంలో కోవిడ్ ఆంక్షలు ఎత్తేశామని ప్రకటిస్తే అది ప్రభుత్వ మాట. అదే ముచ్చట ఇంటి పెరట్లో విందుకొచ్చిన దోస్తులతో చెప్పుకుంటే అది సొంత మాట.

మరో రెండు సంగతులు ఆ తీర్పులో ఉన్నాయి. పేజీ మీద 'ఇది నా వ్యక్తిగత పేజీ' అని స్పష్టంగా రాసి ఉంటే, దాన్ని సొంతదిగానే భావించడానికి గట్టి ఆధారం దొరికేది. ఫ్రీడ్ అలా రాయలేదు. ఇక కామెంటు తీసేయడం ఆ ఒక్క పోస్టుకు సంబంధించింది, బ్లాకు చేయడం మొత్తం పేజీకి సంబంధించింది. సొంత ముచ్చట్లూ ప్రభుత్వ ముచ్చట్లూ ఒకే పేజీలో కలిపి నడిపే అధికారి బ్లాకు మీట నొక్కితే ఎక్కువ చిక్కు కొనితెచ్చుకున్నట్టే. ఈ కొలమానంతో మళ్లీ చూడమని సుప్రీంకోర్టు రెండు కేసులనూ కింది కోర్టులకు తిప్పిపంపింది.

మేం ఈ తీర్పును పూర్తిగా నెత్తిన పెట్టుకోవడం లేదు. ఇందులో మేలుంది, మోసానికి సందూ ఉంది. మేలు ఏమిటంటే, 'నా ఖాతా, నా ఇష్టం' అనే మాట దానికదే చెల్లదని దేశపు అత్యున్నత కోర్టు చెప్పింది. ఖాతా పేరు కాదు, అందులో జరిగే పని చూడాలంది. ఇక సందు ఏమిటి? తెలివైన నాయకుడు పేజీ మీద 'వ్యక్తిగతం' అని ఒక్క మాట తగిలిస్తాడు. తర్వాత మెల్లమెల్లగా పాలన ముచ్చట్లన్నీ అందులోనే చెబుతాడు. అధికారిక ఖాతా దుమ్ము పట్టి ఉంటుంది. అర్జీ పెట్టుకోవాలన్నా, వార్త తెలవాలన్నా జనం 'వ్యక్తిగత' ఖాతాకే పోతారు. అక్కడ ఆయన ఏరి ఏరి బ్లాకు చేస్తాడు. బోర్డు మీద 'ఇల్లు' అని రాసి లోపల కచేరీ నడిపినట్టే! దుకాణం నడిపేవాడు గేటుకు 'ఇది ఇల్లు' అని బోర్డు తగిలిస్తే మున్సిపాలిటీ ఇంటి పన్నుతో సరిపెడుతుందా?

ఇప్పుడు మన దేశానికొద్దాం. మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం మాట్లాడే హక్కునిచ్చింది. 19(2) దానికి హద్దులు గీసింది. ఆ హద్దుల్లో దేశ భద్రత ఉంది, శాంతిభద్రతలున్నాయి, పరువునష్టం ఉంది. 'నాయకునికి చిరాకు కలిగించడం' మాత్రం లేదు. చిరాకు కలిగించే రాతలకు జైలు అన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. జైల్లో పెట్టడానికి చాలని చిరాకు, ప్రజాప్రతినిధి దర్వాజా మూయడానికి చాలుతుందా?

సొంత మాట, ప్రభుత్వ మాట అనే పేచీ మన సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది. ఉత్తరప్రదేశ్ మంత్రి ఒకరు అత్యాచార బాధితుల విషయంలో అన్న మాట మీద మొదలైన కౌశల్ కిశోర్ కేసులో 2023 జనవరి 3న ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చింది. మంత్రి అన్న ప్రతి మాటనూ సమష్టి బాధ్యత పేరుతో ప్రభుత్వానికి అంటగట్టలేమని మెజారిటీ చెప్పింది. అదే మెజారిటీ, 19, 21 అధికరణాల హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని కూడా చెప్పింది. మంత్రి మాట ప్రభుత్వ అభిప్రాయాన్ని చూపుతుంటే దాన్ని ప్రభుత్వానికి ఆపాదించవచ్చని జస్టిస్ నాగరత్న విడిగా రాశారు. ఈ పునాదులు ఉన్నాయి. వీటి మీద గోడ లేపాల్సింది పౌరులు, న్యాయవాదులు, లా కాలేజీల విద్యార్థులు.

ఇంకో మాట. నాయకుల ఖాతా నిజంగా సొంతదే అయితే ఎన్నికల సంఘానికి దానితో పనేమిటి? అభ్యర్థులు తమ సోషల్ మీడియా ఖాతాల వివరాలు నామినేషన్ అఫిడవిట్‌లో ఇవ్వాలని, అందులో ప్రచారానికి పెట్టే ఖర్చు ఎన్నికల లెక్కలో చూపాలని 2013 అక్టోబరులోనే ఎన్నికల సంఘం ఆదేశించింది. 2014 మేలో ప్రభుత్వం మారినప్పుడు ప్రధాని కార్యాలయపు ట్విట్టర్ ఖాతాను పాతవాళ్లు 'ఆర్కైవ్' పేరుతో పక్కన పెట్టబోతే, గెలిచిన పార్టీ ఎంత గొడవ చేసిందో గుర్తులేదా? ఖాతా కార్యాలయానిది, మనుషులది కాదన్నారు. ఓట్లడిగేటప్పుడు అఫిడవిట్‌లోకెక్కే ఖాతా, గద్దె కోసం కొట్లాడుకునేటప్పుడు ప్రజల సొత్తయ్యే ఖాతా, ప్రశ్న అడగ్గానే పడకగది ఎట్లయితది?

ఇది మాటకు మాట అనుకునే ముచ్చట కాదు, బతుకు ముచ్చట. సుష్మా స్వరాజ్ 2014 నుంచి 2019 దాకా విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు, పరాయిదేశాల్లో చిక్కుకున్నవాళ్లు ట్విట్టర్‌లో మొరపెట్టుకుంటే ఆమె స్పందించేవారు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఆ దారి విలువ తెలుసు. ఇవాళ తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఆసుపత్రి ఖర్చుకు సాయం, ఆగిన పింఛను, కరెంటు స్తంభం దాకా మంత్రుల, ఎమ్మెల్యేల ఖాతాల్లోనే అడుగుతున్నారు. స్పందించిన నాయకులున్నారు. వాళ్లకు మా నమస్కారం. కానీ ఒక్కసారి ఆ దర్వాజా అర్జీలు తీసుకునే దర్వాజా అయ్యాక, నిన్న విమర్శించాడని ఇవాళ ఒకణ్ణి బయట నిలబెట్టడమంటే ఏమిటి? రేపు వాని తల్లికి ఆపద వస్తే చెప్పుకునే దారి మూసినట్టు కాదా? సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వచ్చినవాణ్ణి 'నువ్వు పోయినవారం ఎదురు మాట్లాడావు, అర్జీ తీసుకోం' అంటే ఊరుకుంటామా?

అవతలి పక్షం వాదన కూడా వినాలి. నాయకుల ఖాతాల్లో ప్రశ్నలే కాదు, పచ్చి బూతులూ వస్తున్నాయి. ఆడవాళ్లకైతే మరీ ఘోరం. 2019 లోక్‌సభ ఎన్నికల కాలంలో 95 మంది మహిళా నాయకులకు వచ్చిన ట్వీట్లను పరిశీలించిన ఆమ్నెస్టీ సంస్థ, ఇంచుమించు ప్రతి ఏడింటిలో ఒకటి అసభ్యంగానో అవమానకరంగానో ఉందని 2020 జనవరిలో వెల్లడించింది. చంపుతామని బెదిరించేవాణ్ణి, కులం పేరు పెట్టి దూషించేవాణ్ణి, ఆడమనిషి ఫొటోను వికృతం చేసి పెట్టేవాణ్ణి భరించమని మేం అనడం లేదు. వాళ్ల కోసం చట్టముంది, పోలీసు ఠాణా ఉంది. అటువంటి రాత తీసెయ్యొచ్చు, ఆ మనిషిని ఆపొచ్చు. ఒకే కామెంటు 226 సార్లు పెట్టి మిగతావాళ్లను మాట్లాడనియ్యనివానికీ ఒక కట్టుబాటు ఉండాలి. గ్రామసభలో ఒక్కడే మైకు పట్టుకుని దిగనంటే అందరికీ నష్టమే. కానీ ఆ కట్టుబాటు ముందే రాసి పెట్టాలి, పొగిడేవానికీ తెగిడేవానికీ ఒకే తీరుగ వర్తించాలి. 'దండం అన్నా' అని వందసార్లు రాసేవాడు ఉండి, 'రోడ్డు ఏది అన్నా' అని ఒక్కసారి రాసినవాడు పోతే అది కట్టుబాటు కాదు, కక్ష.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీలో చాలామంది అడగాలనుకుని ఆగిపోతున్నారని మాకు తెలుసు. బ్లాకుతో పోతే సరే, బదిలీ దాకా వస్తే ఎట్లనే భయం ఉంది. ఆ భయం ఉత్తది కాదు. త్రిపురలో రిటైర్మెంటుకు కొన్ని రోజుల ముందు ఒక ఉద్యోగినిని, రాజకీయ సభకు వెళ్లిందని, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిందని సస్పెండ్ చేశారు. ఆమె భయపడి ఊరుకోలేదు. ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన భావప్రకటన హక్కు పోదని 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఆమెకు న్యాయం చేసింది. సర్వీసు నిబంధనల హద్దులు తెలుసుకుని, మర్యాద తప్పకుండా, ఆధారంతో అడగండి. మీ ప్రశ్నకు స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. బ్లాకు చేస్తే తేదీతో సహా దానికీ ఉంచుకోండి. రేపు ఆ కాగితమే సాక్ష్యం.

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కాస్త కఠినమైన మాట. మనకు గిట్టని నాయకుడు బ్లాకు చేస్తే 'ప్రజాస్వామ్యం ఖూనీ' అని కేకలేస్తాం. మనం అభిమానించే నాయకుడు అవతలివాణ్ణి బ్లాకు చేస్తే 'మంచి పని చేసిండు' అని చప్పట్లు కొడతాం. మన వాట్సాప్ గ్రూపుల్లో భిన్నాభిప్రాయం చెప్పినవాణ్ణి అడ్మిన్ తీసేస్తే ఒక్కరం కూడా నోరు మెదపం. ఇది మనలో ఉన్న చిన్న గడీ. హక్కు మనవాళ్లకొకటి, పరాయివాళ్లకొకటి ఉండదు. ఇవాళ మన నాయకునికి అలవాటైన బొటనవేలు రేపు మన మీదికే వస్తుంది. ఇతరులను వెళ్లగొట్టిన చోట చివరికి భజన తప్ప మాట మిగలదు. భజన వినే నాయకునికి ఊళ్లో రోడ్డు లేదని ఎవరు చెబుతారు?

అందుకే మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. మొదటిది, పదవిలో ఉన్న ప్రతి ఒక్కరూ, సర్పంచ్ నుంచి మంత్రి దాకా, రెండు ఖాతాలు వేరు చేసుకోవాలి. ఒకటి ఇంటిది, ఒకటి పదవిది. పెళ్లిరోజు ఫొటో ఇంటి ఖాతాలో పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. పాలన ముచ్చట పదవి ఖాతాలోనే చెప్పాలి. రెండోది, పదవి ఖాతా పదవితోనే ఉండాలి. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు తాళంచెవి అప్పగించాలి. మూడోది, ఆ ఖాతాలో ఏ రాత తీసేస్తారో, ఎవర్ని ఆపుతారో నియమాలు తెలుగులో రాసి, అందరికీ కనపడేట్టు పెట్టాలి. విమర్శ అందులో నేరం కాకూడదు. నాలుగోది, ఆపినవానికి కారణం చెప్పాలి, అప్పీలు చేసుకునే దారి చూపాలి. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కింద ప్రభుత్వ సంస్థలు తమంతట తామే వివరాలు వెల్లడించాలి. ప్రభుత్వ ఖాతాల్లో ఎందరిని, ఎందుకు ఆపారో కూడా అట్లనే వెల్లడి కావాలి. ఐదోది, ఇంటి ఖాతాలో పాలన నడిపేవాళ్లకు 'వ్యక్తిగతం' అనే బోర్డు అడ్డం కాకూడదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వీటికి కోట్ల బడ్జెట్ అక్కర్లేదు. టెండర్లు అక్కర్లేదు. ఒక్క జీవో చాలు. జీవో రాకముందే చేసి చూపించే నాయకుడుంటే ఇంకా మంచిది. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినవాణ్ణి రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగినట్టే ఇదీ అడగండి: 'అన్నా, నీ పేజీలో ఎందరిని బ్లాకు చేసినవ్? ఎందుకు చేసినవ్?' ఆ ప్రశ్నకు మొహం చాటేసేవాడు రేపు గెలిచినంక మనకు మొహం చూపిస్తాడా?

నాయకులకు చివరిగా ఒక మాట. మిమ్మల్ని విమర్శించేవాడు మీకు శత్రువు కాదు. మీ చుట్టూ చేరినవాళ్లు చెప్పని సంగతి వాడు చెబుతున్నాడు. వాని మాట రుచించకపోతే వినకండి, అది మీ ఇష్టం. కానీ వాణ్ణి వెళ్లగొట్టే హక్కు మీకు లేదు. మీరు కూర్చున్న కుర్చీ వాడు వేసిన ఓటుతో వచ్చింది. ఆ ఓటు వేసినప్పుడు మీరు వాణ్ణి బ్లాకు చేయలేదు కదా!